వంక

"సాక్షి ప్రివారికేట్ చేస్తున్నాడు, యువరానర్"
అన్నాడు వాది వకీలు, కోటు బొత్తాం తిప్పుకుంటూ.
పత్తికొండ కోర్టులో ఫ్యాను తిరగని మధ్యాహ్నం.
జడ్జిగారు నా వంక చూశారు:
"తెలుగులో కొట్టమ్మా, హుసేనమ్మా."

బోనులో తుగ్గలి మద్దిలేటి.
తువ్వాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు.
ఆ పొద్దు గట్టు మీద ఉన్నావా లేదా అంటే
"ఉంటే ఉంటినేమో సామీ,
ఎద్దుకు నీళ్లు చూపనీకి పోయింటి" అన్నాడు
మూడోసారి.

నాకా మాట తెలీదు.
తెలీదనేందుకు నోరు పెగల్లేదు.
వకీలు మొహంలో అర్థం వెతుక్కుని
'అబద్ధమాడుతున్నాడు' అని కొట్టేశాను.
మూడు కార్బన్ల కింద మూడుసార్లు
అదే మాట నీలంగా దిగింది.

సాయంత్రం రికార్డు రూములో
చెదలు ముందరి అట్ట తినేసిన నిఘంటువు దించాను.
తొలకరి వాన వెలిశాక
జొన్నగిరి చేలల్లో వజ్రాలకు తిరిగేవాళ్లుంటారే,
నడుం వంచి, పెళ్ల పెళ్లకూ ఆగి,
అట్లా తిరిగాను
చీమతలకాయంత అక్షరాల్లో.

దొరికింది.
లాటిన్ వాళ్ల మాటట. ప్రేవారికారి.
కాళ్లు ఎడంగా వేసి వంకరగా నడవడం,
మడక సాలు తప్పడం.
రోము పట్నం ఎంత పాలరాయి కట్టుకున్నా
దాని నాలుక కింద పేడ వాసన పోలేదన్నమాట!
ఆ తర్వాత వాళ్ల కోర్టుల్లో
అవతలి పక్షంతో లోపల్లోపల చేయి కలిపిన వకీలును
ఆ మాటతో తిట్టేవారట.
వకీలు మీంచి జారి
సాక్షి మీద ఎప్పుడు పడిందో,
ఆ ముక్క చెదలు తినేసింది.

ఇక నిద్ర పట్టదని తెలిసి
అదే దావాలో ఇంకో మాట తీశాను: రైవల్.
రీవుస్ అంటే వాగు.
ఒకే వాగు నీళ్లు పారించుకునే ఇరుగుపొరుగు, రీవాలిస్.
వాది ఉరుకుందు, ప్రతివాది రంగన్న.
ఒకే తల్లి పాలు, ఒకే వంక నీళ్లు.
ఇద్దరికీ మేనమామ మద్దిలేటి.

వంక.
పేజీ మీద వేలు ఆగిపోయింది.
మా సీమలో వాగును వంక అంటాం.
తప్పించుకునే సాకునూ వంక అంటాం.
సాలు పక్కకు పోతే ఇంకొక్క అక్షరం, వంకర.
లాటిన్ వాళ్లు వేరువేరు గాదెల్లో పోసుకున్నది
మా అవ్వ ఒక్క కొంగున ముడేసుకుంది.
'సాక్షి వంకలు చెబుతున్నాడు.'
మూడే మాటలు. పుట్టినప్పటి నుంచీ
నా నోట్లోనే ఉన్నాయి.

మరో మాట కూడా చూశాను, చూడకుండా ఉండాల్సింది.
స్క్రూపుల్.
మనసులో కలుక్కుమనే సందేహం.
మొదట్లో చెప్పులో దూరిన చిన్న మొనరాయి.
నిలబడితే తెలీదు.
నడిస్తేనే.

తర్వాతి వాయిదాకు, టీ బంకు దగ్గర
మద్దిలేటికి చెప్పాను: తప్పు కొట్టాను మామా.
నిన్ను అబద్ధాలకోరు అనలేదు వాళ్లు,
మడక సాలు తప్పిందన్నారు, అంతే.

ఆయన గ్లాసు అడుగుకు చూసి నవ్వాడు.
"నలభై ఏండ్లాయ మడక పట్టి.
నా సాలు చూసి దారం పట్టినట్లుందనేటోళ్లు.
అయినా పాపా,
కింద రాయుంటే ఎవని సాలైనా వంకరపోతాది.
దున్నేటోన్ని కొడితే ఏమొస్తాది?
రాయి యాడుందో తవ్వి చూడల్ల."

ఏ రాయి మామా, అన్నాను.
మెట్ల మీద చెరో కొసకు కూర్చున్న మేనల్లుళ్లను చూడకుండా
బీడీ ముట్టించుకున్నాడు.

బంట్రోతు పేర్లు పిలిచాడు.
కాగితం ఎక్కించాను, తేదీ కొట్టాను,
లేచి నిలబడ్డాను.
జడ్జిగారు నా వంక చూశారు:
"ఏమ్మా, రిబ్బను అయిపోయిందా?"

"లేదండీ. పోయిన వాయిదాలో
ఒక మాట తప్పు పడింది" అన్నాను.

కొట్టాను అనలేదు.
పడింది అన్నాను.