ఎవుల్దే ఆ గొంతు

పలాస జీడిపిక్కల షెడ్డులో
నా పక్క మిషను ఢిల్లేశ్వరిది.
కాలితో తొక్కి, సేత్తో ఇరిసి
పొద్దున్న ఏడుకి కూకుంటే
సందేళ దీపాలెట్టేదాకా లెగిసేది కాదు.
బద్ద పడితే మేస్త్రీ తిట్టేవోడు.
దాని సేతిలో ఎప్పుడూ గుండే.

జీడి రసం సంగతి మీకు తెల్దు.
ఆముదం రాసుకున్నా, బూడిద పూసుకున్నా
గోళ్ళ కింద దూరి కాపరం ఎట్టీసుద్ది.
పెళ్ళికెల్తే మావు
సేతులు కొంగులో సుట్టుకొని కూకుంటాం,
అచ్చింతలప్పుడే పైకి తీస్తాం.

తిత్లీ గాలికి తోటలు ఏళ్ళతో లెగిసిపోనాయి.
నాలుగు నెల్లు షెడ్డు మూసీసినారు.
అప్పుడెల్లినాది కాశీబుగ్గలో కోకల కొట్టుకి,
మడతలెట్టే పనికి.
సావుకారు కాదు, సావుకారు బావమరిది సూసినాడు:
"ఈ గుంట మొకం బాగున్నాది, ఫొటో తీయించండి."
శ్రీకాకుళం నుంచొచ్చిన ఫొటో కుర్రోడు
మూడు కోకలు మార్పించి
సేతులు మట్టుకు పైట కింద దాసీమన్నాడు.

ఆ ఏడు దసరాకి
పాత బస్టాండు కాడ తాటిసెట్టంత ఢిల్లేశ్వరి.
కూలికెల్తా తలెత్తి సూసేవోళ్ళం
సేతుల్లేని మా గుంటని.

తరవాత ఇజీనారం బంగారం కొట్టు.
మొకం దీనిది,
గాజులేసుకున్న సేతులు ఇంకో పిల్లవి.
ఆ పిల్లెవులో దీనికీ తెల్దంట.
రెండు వేలిచ్చి బిర్యానీ పొట్లం ఇచ్చినారంట.

అయిదరాబాదెల్లి ధృతి అయిపోనాది.
రాత్రి ఏడున్నరకి పెద్దకోడలు.
మెట్లు దిగితే మూడుసార్లు సూపించినారు,
మా గుండెలూ మూడుసార్లు దిగినాయి.
అప్పుడు నోరు తెరిసినాది:
"అత్తయ్యగారూ, మీరలా అనకూడదు."
దాలప్ప వక్క నమలడం ఆపీసి
"ఒలే, ఎవుల్దే ఆ గొంతు?" అన్నాది.

ఏటి అనకూడదంట, ఏమిటి అనాలంట.
నేర్సుకుంటానన్నాదంట.
టైము నేదన్నారంట.
ఆరేళ్ళు, పదమూడొందల ఎపిసోడ్లు,
కన్నీళ్ళు సీసాలోవి
ఎక్కిళ్ళు అద్దె మనిసివి
మొకం ఒక్కటే మా షెడ్డుది.

రోజు కూలి పెంచమని అడిగినాదంట ఓ సోమారం.
ఆ శుక్రారమే
పెద్దకోడలి కారుని లారీ గుద్దీసినాది.
గోడ మీద ఫొటో, దండ, ఎర్ర బల్బు.
దాలప్ప రెండ్రోజులు గంజి ముట్టనేదు.
ఆఖరికి నా సేత ఫోను సేయించి
"బతికున్నావేటే?" అన్నాది.
అవతల్నుంచి అచ్చం మన గొంతు:
"బతికే ఉన్నానప్పా, అద్దె కట్టాల కదా."

మొన్న ఇశాకా ఎక్స్‌ప్రెస్సు దిగి
తిన్నగా షెడ్డుకొచ్చినాది.
కొత్త సీరియల్లో తల్లి ఏసమంట.
కొడుకు దానికన్నా రెండేళ్ళు పెద్దోడంట,
సెప్పి సెప్పి నవ్వినాది.
నన్ను లెమ్మని నా మిషను మీద కూకుని
పది పిక్కలు కొట్టినాది,
నాలుగు బద్దలైపోనాయి.
మేస్త్రీ తిట్టనేదు.
ఫోను తీసి, అమ్మా ఒక్క ఫొటో అన్నాడు.
అప్పుడు సిన్నబోనాది దాని మొకం.

ఇంతలో వాన.
ఆరేసిన పిక్కల మీదకి అందరం పరుగు.
మూల పడున్న ఫ్లెక్సీ లాగి కప్పుతుంటే
ఓ కొస అది పట్టుకున్నాది.
తిరగబడి సూత్తే
కోక అంచు, సగం సెవి, ఓ కన్ను,
ఎలిసిపోయిన పెదాలు.
ఏటి సెప్పాలో తెలీక
ఎవులో ఏసవిలో తెచ్చినార్లే అన్నాను.

అది వంగి
కంటి కాడ సిల్లులో ఏలెట్టి
"నీరు దిగుతాందేటే ఇక్కడ?" అన్నాది.
దిగుతాదన్నాను.
గోనిముక్క ఉంటే తే అని
ఆ తడిలోనే
మోకాళ్ళ మీద కూకుండిపోనాది.