ఉత్తమ పురుష

జీలాంగ్‌లో జూలై వాన.
హెడ్‌ఫోన్ పెట్టుకుని నంబరు చెప్పాను, పేరు కాదు.
ఫోన్లో దుబాసీకి పేరుండదు.
నియమం ఒక్కటే: ఎవరు "నేను" అంటే
నేనూ "నేను" అనాలి.
వ్యాకరణం దీన్ని ఉత్తమ పురుష అంటుంది.
లైన్లో ఉన్నది ముగ్గురం ఆడవాళ్లం.

డాక్టరమ్మ సెర్విక్స్ అంది.
నేను గర్భాశయ ముఖద్వారం అన్నాను.
అటువైపు చప్పుడు లేదు.
పాఠ్యపుస్తకం తలుపు ఆమె మొహాన వేసినట్టున్నాను.
"అదేటమ్మా?"
(ఆమె ఉండే ఊరు ఇక్కడ చెప్పను,
యాస మాత్రం దాచలేను.)
"బిడ్డసంచి మూతి," అన్నాను.
"ఓ, అదా."

అక్కడ హెచ్‌పీవీ కనిపించింది, పదహారో రకం, మొండిది.
"కేన్సరా?"
కాదు.
చాలామందిలో వస్తుంది, ఏడాదికో రెండేళ్లకో
చెప్పకుండానే పోతుంది.
పోకుండా ఏళ్లకేళ్లు కూర్చుని
కణాల్ని మారుస్తూ పోతే, అప్పుడు.
ఆ "అప్పుడు"కి చాలా దూరం ఉంటుంది,
దారిలోనే ఆపొచ్చు.
భూతద్దంతో చూస్తారు,
అవసరమైతే ఆవగింజంత ముక్క తీస్తారు.
అంతా అప్పజెప్పాను, తూకం తప్పకుండా.

"మరి ఎవులికాడ్నించి ఒచ్చినాదమ్మా ఇది?
మా ఆయన పోయి తొమ్మిదేళ్లు.
ఆయన తప్ప నానెవుల్నీ ఎరగను.
ఇప్పుడు నానెవుల్ని అడగాల?"

నా భర్త చనిపోయాడని
ఇంగ్లీషులో, నా గొంతుతో చెప్పాను.
వంటింట్లో ఫణి కుక్కర్ విజిళ్లు లెక్కపెడుతున్నాడు.

దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే,
ఇరవై ఏళ్లయినా నక్కి ఉండగలదు,
ఎవరి నుంచో, ఎన్నడో, ఏ పరీక్షా చెప్పదు,
ఇందులో ఎవరి తప్పూ లేదంది డాక్టరమ్మ.
ఇంగ్లీషులో అది చిన్న మాట.
తెలుగులోకి రాగానే "తప్పు" పంచాయితీ పెడుతుంది.
సొంత మాట చేర్చకూడదు. చేర్చలేదు.
నెమ్మదిగా మాత్రం చెప్పాను.

చాలాసేపటికి ఊపిరి వినిపించింది.
"అయితే ఆయన ఫొటోకి దండ తియ్యక్కర్నేదు."
అదీ అనువదించాను.
దండ ఎందుకని డాక్టరమ్మ అడగలేదు.
"మంగళవారం రాగలరా?" అంది.
"ఒస్తాను."

పదిహేడు నిమిషాల కాల్.
ఫ్రిజ్ మీద పెంగ్విన్ అయస్కాంతం కింద
నా పేరున మార్చిలో వచ్చిన ఉత్తరం.
ఐదేళ్లకోసారి, తెర వెనక,
మీ అంతట మీరే పుల్లతో తీసుకోవచ్చు, ఎవరూ చూడరు.
ఈ వాక్యం నాకు నోటికొచ్చు,
ఎప్పుడూ ఇంకొకరి కోసమే.

దాని వెనక నిహంత్ బడి నుంచి టీకా ఫారం.
"అది ఆడపిల్లలకి కదా?" అన్నాడు ఫణి.
గొంతులోకీ వస్తుందన్నాను, మగవాళ్లకి.
ఏడో తరగతి. వాడి గొంతు ఇప్పుడిప్పుడే బొంగురుపోతోంది.
ఫణి చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టాడు.
పసుపు మరక పడింది.

క్లినిక్‌కి ఫోన్ చేశాను.
నా ఇంటిపేరు రెండుసార్లు తడబడి
రిసెప్షన్ పిల్ల మర్యాదగా అడిగింది:
దుబాసీ కావాలా?
అక్కర్లేదు, అన్నాను.
నాకే.
నేనే.