సెకనులో పదిహేనో వంతు

కుతైసిలో, రొట్టెల కొట్టు వెనక గదిలో,
ఆదివారం సంతలో కొన్న పాత డిజిటల్ కెమెరాని
పిండి డబ్బాకి ఆనించి పెట్టాడు జుంబెర్.
చెప్పే పుస్తకం లేదు. మెనూ అంతా జపాన్ భాష.
పాస్‌పోర్టు ఫొటోల దుకాణంలో పనిచేస్తాను గనక
పైఅంతస్తు నుంచి నన్ను కేకేశాడు.

"అపెర్చర్ అంకె చిన్నదైతే కన్ను పెద్దగా తెరుచుకుంటుంది" అన్నాను.
"మా అప్పులవాడి లెక్కలా ఉందే!"
"పదహారు పెట్టు, కన్ను చిట్లిస్తుంది.
ఎదుటి రొట్టే, అవతలి గడపా రెండూ తేటగా పడతాయి.
వెలుతురే చాలదు."
"చాలకపోతే?"
"ఐఎస్ఓ పెంచాలి. పెంచితే బొమ్మ నిండా నాయిస్."
కెమెరాకి చెవి ఒగ్గాడు. ఏమీ వినపడలేదు.
గోడ నీడలో రవ్వ చల్లినట్టున్న చుక్కలు చూపించాను.
"ఓ, జల్లెడ పట్టని పిండి!"
ఆరేళ్లుగా మా దుకాణంలో ఎవరికీ తట్టని మాట.

వైట్ బ్యాలెన్స్ దగ్గర మాత్రం పోట్లాడాడు.
నిప్పుల వెలుగుకి నారింజ రంగెక్కిన శోతి రొట్టెని
నేను సరిచేసి తెల్లబరిస్తే
"ఇది కాలలేదు, ఎవరు కొంటారు?" అన్నాడు.
మార్చినదాన్ని మళ్లీ మార్చాను.

మర్నాడు నాలుగింటికి, ఇంకా చీకటుండగానే, మెట్లు దిగాను.
వాళ్లక్క ఎతేరి అప్పటికే పొయ్యి దగ్గర ఉంది.
బావిలాంటి తోనేలోకి నడుం దాకా వంగి
లోపలి గోడకి పిండి చరుస్తోంది.
ఐఎస్ఓ ఆకాశానికెత్తి, సెకనులో ఐదువందల వంతు పెట్టి నొక్కాను.
చెయ్యి గాలిలో ఆగింది.
గోళ్ల సందు పిండి, మణికట్టు పట్టీ, కాలిన మచ్చ
అన్నీ దొరికాయి.
జుంబెర్ చాలాసేపు చూశాడు.
"చెయ్యి బాగుంది. పని చెయ్యడం లేదు."

షట్టర్‌ని నెమ్మది చేశాను. పదిహేనో వంతు.
కెమెరాని పిండి బస్తాకి అదిమి, ఊపిరి బిగబట్టాను.

ఇటుకలు కదల్లేదు, తలగుడ్డ కదల్లేదు.
చెయ్యి ఉండాల్సిన చోట తెల్లటి చార ఒకటి.
ఎతేరి కళ్లజోడు తుడుచుకుని చూసింది:
"నేనున్నాను. నా చెయ్యేదీ?"
"వెళ్తోంది" అన్నాడు తమ్ముడు.

వేడి రొట్టె కాగితంలో చుట్టి నాకిస్తూ, డబ్బులు వద్దంటూ,
మణికట్టుకి ఇక విశ్రాంతి అన్న డాక్టరు మాట
అప్పుడు చెప్పాడు.
కార్డులో ఇంకెన్ని పడతాయని అడిగాడు.
నాలుగు వందలు, అన్నాను.
వేళ్లమీద ఏదో లెక్కేసి
"సరిపోతాయి. ఇంకా పదకొండు తెల్లవారుజాములే" అన్నాడు.