కాపడం

మూకుట్లో రాళ్లుప్పు చిటపటమంటోంది.
పాత నైటీ అంచు చించి మూట కడుతున్నాను.
నలభై కిలోల కిందటి నైటీ,
ఎన్ని మూటలకైనా సరిపోతుంది.

ఇదివరకు మూణ్ణెల్లకో నాలుగు నెలలకో
దారి తప్పిన చుట్టంలా వచ్చేది.
ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలా
ఒక్క రోజు ఆలస్యం లేదు.
ఒళ్లు తగ్గితే అన్నీ దార్లో పడతాయన్నాడు డాక్టరు.
పడ్డాయి.
నొప్పి కూడా దార్లో పడింది.

"కడుపు కోయించీసుకున్నావు కదే,
మళ్లీ కడుపునొప్పేటే?"
ఫోన్లో మా ఎర్నమ్మప్ప. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.
ఏం చెప్పను?
మన మాటలో రెండిటికీ ఒకటే పేరు.
అన్నం పడేదీ కడుపే, బిడ్డ పడేదీ కడుపే.
రామ్‌నగర్ ఆస్పత్రిలో కోసింది మొదటిదాన్ని,
అరటికాయంత మిగిల్చారు.
రెండోదాని జోలికి ఎవరూ పోలేదు.
పై వాటాలో గోడలు పగలగొడుతున్నా
కింద అద్దెకున్న ముసలామెలా
అది తన పిండి తాను రుబ్బుకుంటూనే ఉంది.

ఫైలు చివరి పేజీలో ఎర్ర సిరాతో రెండు గీతలు:
ఆ నొప్పి బిళ్లలు ఇక వద్దు, లోపల పుండు పడుతుంది.
పదిహేనేళ్లు వాటి మీదే ఆఫీసు మెట్లెక్కాను.
బిళ్ల, గ్లాసుడు నీళ్లు, గటగటా, అంతే.
ఇప్పుడు ఆ బిళ్లా లేదు, ఆ గటగటా లేదు.
వాము నీళ్లు స్పూనుతో.
ఒక స్పూను. గోడ గడియారం. ఇంకో స్పూను.
అరగ్లాసు అయ్యేసరికి
పాత పోస్టాఫీసు దగ్గర బస్సు నిండి, కదిలి, వెళ్లిపోతుంది.
కిటికీ పలక మీద నిన్న తుడిచిన బొగ్గుపొడి
మళ్లీ సన్నగా పేరుకుంటుంది రేవు నుంచి.

సాయంత్రం మందుల కొట్టుకి వెళ్లాను.
ఢిల్లేశ్వరరావు నన్ను గుర్తుపట్టక ఏడు నెలలు.
సన్నబడ్డాక మొదటిసారి వెళ్తే
"మీ అక్కగారు రావట్లేదేటండి?" అన్నాడు.
"ఊరెళ్లింది" అన్నాను.
ఆ అక్క ఇంకా ఊర్నించి రాలేదు.
విటమిన్లు కొనుక్కుని, చిల్లర లెక్కపెట్టుకుని
పరాయిదాన్లా వచ్చేస్తుంటాను.

ఇవాళ నిలబడలేక
కౌంటరు అద్దం మీద మోచెయ్యి ఆన్చాను,
ఎడమకాలు కాస్త మడిచి, నుదురు మణికట్టుకి తాకించి.
అతను తలెత్తాడు.
నా మొహం కాదు, ఆ వంగడం చూశాడు.
చెయ్యి దానంతటదే
మూడో అరలో ఆ బిళ్లల అట్ట మీదకి పోయింది.
"ఎప్పుడొచ్చారండి ఊర్నించి?"

నవ్వొచ్చింది. నవ్వితే లోపల ఇంకో మెలి.
"అవి కాదు, అవి నాకింక పడవు.
జ్వరం బిళ్లలివ్వు."
"జ్వరమాండి?"
వెనక ముగ్గురు మగాళ్లు, ఒక స్కూలు పిల్ల.
"జ్వరం కాదు, నెలనొప్పి" అన్నాను,
రేవులో ఓడ కూసినంత మామూలుగా.
అలవాటుగా నల్ల కవరు తీసి
ఏమనుకున్నాడో మళ్లీ లోపల పెట్టేశాడు.
స్కూలు పిల్ల
పొట్టకి అదుముకున్న బ్యాగుని
కొంచెం వదులు చేసింది.

బిళ్ల సగం పని చేసింది.
మిగతా సగం ఉప్పుకి వదిలేశాను.
మూట పొత్తికడుపు మీద పెడితే
ఖాళీ సంచిలా వేలాడే చర్మం
దాని మీదకి మడతపడి
జారకుండా పట్టుకుంటోంది.
దీన్నీ తీయించెయ్యొచ్చట,
ఇంకో ఆపరేషను, ఇంకో బిల్లు.
చూద్దాం.
ప్రస్తుతానికి దీనికో పని దొరికింది.

ఉప్పు చల్లారుతోంది.
లేవాలి, మళ్లీ మూకుడు పెట్టాలి.