సే ఆసిబే

గునుపురం ఆస్పత్రిలో
పదకొండేళ్ళుగా మాటలు మోస్తున్నాను
ఈ మంచం ఒడియాని ఆ మంచం తెలుగులోకి.
జీతం మాత్రం ఆయా పనికే.

ఆ రాత్రి వంశధార మీద వాన.
కరెంటు పోయి రెండు గంటలు.
నర్సు సెల్‌ఫోను వెలుతురులో కునీ, తొలికాన్పు,
పళ్ళ బిగువున ఒకటే మాట:
"సే ఆసిబే... సే ఆసిబే..."

పక్క మంచం దగ్గర దాలమ్మ,
కోడలికి తోడుగా బత్తిలి నుంచి వచ్చిన మనిషి,
"ఏటంతందే ఆ గుంట?"

"వస్తాడంట" అన్నాను.

"ఎవుడు, మొగుడా?
టీ కొట్టుకాడ బీడీ కాల్సతన్నాడు, నాను సూసినాను."

"మొగుడు కాదమ్మా. దేముడు."

దాలమ్మ తలుపు వైపు చూసింది.
దాని మీది బోర్డు పొద్దున్న నేనే చదివి వినిపించాను:
మగవాళ్ళు లోపలికి రాకూడదు.
"మరెలాగొస్తాడే?"

నవ్వబోయి ఆగిపోయాను.
కునీ 'వస్తాడు' అనలేదు.
ఆమె మాటకి మీసమూ లేదు, గాజులూ లేవు.
'సే' అంటే చాలు ఒడియాలో,
ఎవరో ఒకరు బయల్దేరతారు.
ఆ 'డు' నేను తగిలించింది,
గుమ్మంలో చెప్పులు విడిచినంత అలవాటుగా.

'వస్తారు' అందామా?
అది పెద్ద డాక్టరు గారికి.
అంత మర్యాదని నొప్పుల్లో ఎవరూ పిలవరు.

మిగిలిన మాట
చిన్నప్పుడు నన్ను ఏడిపించింది:
నాయన వస్తాడు,
అమ్మ వస్తాది.
ఆవు వస్తాది, రైలు వస్తాది, చలిజ్వరం వస్తాది.
అమ్మని గొడ్డుతో కలిపి కట్టేశారని
అన్నం మానేశానొక పూట.

చీకట్లో లెక్క తిరగబడింది.
మగాడొక్కడే విడిగా వసారాలో కూర్చున్నాడు.
నదీ, వానా, నిప్పూ, నెత్తురూ, ఆకలీ
అన్నీ మావైపే.

"వస్తాదంట" అన్నాను.

"అలాగను మరి."
దాలమ్మ కొంగు బిగించి
కునీ నడుం కింద చెయ్యేసింది,
"వస్తాదే తల్లీ, వస్తాది, గట్టిగా ముక్కు."
తెలుగులోనే. కునీకి అర్థమైంది.

నాలుగింటికి ఎవరో "వచ్చింది!" అని అరిచారు.
కరెంటో, బిడ్డో.
నేను అడగలేదు.

తెల్లారి రిజిస్టరులో నర్సు
'మగ' అని రాసి సంతకం పెట్టింది.
అప్పటి నుంచి వాడు వాడే.

అంతకు ముందు కాసేపు,
తడిగా, నీలంగా, ఏడవకముందు,
అది.