బూట్ల గది

ఈ ఓడలో నా పని బూట్లు కడగడం.
నిన్నటి దీవి మట్టి
ఇవాళ్టి దీవి మీద కాలు పెట్టకూడదు. అది నియమం.
ఒక బ్రష్షు, ఒక బకెట్టు, గులాబీరంగు మందునీళ్లు,
మేజోళ్లలో దాక్కున్న గింజలు ఏరడానికి పట్టకారు.

కేప్‌టౌన్‌లో ఎక్కాడు సిప్రియన్.
డెబ్బై ఆరేళ్లు. రెండు కళ్లకీ శుక్లాలు తీయించుకుని
ట్రిస్టాన్ దీవికి తిరుగుప్రయాణం.
అక్కడికి విమానం లేదు. ఏడాదికి కొన్ని ఓడలు, అంతే.
మిగతా నూటనలభై మందీ చూడ్డానికి వచ్చారు.
ఈయనొక్కడు చేరడానికి.

ఏడోరోజు పొద్దున
మబ్బు తలపాగా చుట్టుకుని కొండ నిలబడింది.
దాని కాళ్ల దగ్గర గుప్పెడు రేకుల ఇళ్లు.
ఎవరో బైనాక్యులర్స్ అందిస్తే వద్దన్నాడు.
"మూడోది మాది. తలుపుకి రంగు మార్చింది."
కాసేపాగి,
"లేదా పదేళ్లుగా అదే రంగేమో."

కడలి పోటు తగ్గలేదు. రేవు మూసేశారు.
కెప్టెన్ ఐలర్ట్ రబ్బరు పడవ దింపాడు, ఎత్తాడు,
మర్నాడు మళ్లీ దింపాడు, మళ్లీ ఎత్తాడు.
"ఒక దీవి తగ్గింది" అన్నాడు స్విస్ డెంటిస్టు
జాబితాలో గీత కొడుతూ. అందరూ టీకి వెళ్లిపోయారు.

రేడియోలో మెర్టిల్ గొంతు:
"నీ బట్టలు ఆరేశా. కనిపిస్తున్నాయా?"
"ఆఁ. నీలం చొక్కా చేయి చిరిగింది."
"అంత దూరం నుంచా! అబద్ధం."
"చిరిగింది."
గరగర.
గరగర.
"చిరిగిందిలే. కుడతా.
దుంపలు తవ్వించే పని నేను చూసుకుంటా.
ఎటూ పోతున్నావుగా, మంచు చూసి రా."

లంగరు లేచింది.
నోటిదాకా వచ్చిన ముద్ద
పళ్లెంతో సహా వెనక్కి పోయింది.
ఓడ చివర కమ్మీ పట్టుకుని నిలబడ్డాడాయన,
తను కాదు, దీవే ఊరెళుతున్నట్టు.

పసుపు ముక్కు ఆల్బట్రాస్ ఒకటి మాతోపాటే వచ్చింది.
"మా కొండదే" అన్నాడు.
దానికి రేవుతో పనిలేదు అనబోయి
నాలుక కరుచుకున్నా.

మొదటి మంచుకొండ ఎదురైనప్పుడు
ఎంత తెలుపో అన్నారంతా.
ఆయన మాత్రం వేళ్లు మడిచి లెక్కపెట్టాడు:
నీలం, సీసా పచ్చ, బూడిద,
పాలు విరిగినప్పటి రంగు,
ఇంకోటి ఉంది, దానికి మా దీవిలో పేరు లేదు.

సౌత్ జార్జియాకి ముందురాత్రి తనిఖీ.
కెమెరా సంచులు, జేబు మూలలు, కుట్ల సందులు.
ఆయన వంతు వచ్చింది.
బూడిదరంగు ఊలు మేజోళ్లు, పై అంచున చారలు.
"మా దగ్గర ఆడపిల్ల అల్లిస్తే
చారల్ని బట్టి ఇష్టం ఎంతో తెలిసేది."
"ఇవెన్ని?"
"ఆరు. పెళ్లికి ముందూ ఆరే.
ఊలు ధర పెరిగినా తగ్గించలేదు."

నాలుగో చారలో దొరికింది
గడ్డిగింజ. కొసన చిన్న మెలిక.
దీవి దాటి, కేప్‌టౌన్ ఆస్పత్రి మంచం దాటి,
ఇంటి ఎదురుగా రెండు పగళ్లు ఊగి,
ఇంతవరకూ రాలకుండా వచ్చింది.
పట్టకారు దీపం కిందికి జరిపా.
"మెలిక కూడా కనిపిస్తోంది నాకు" అన్నాడు.

కవర్లో పెట్టాలి, రాయాలి, కాల్చాలి.
ఆయన అరచెయ్యి చాపాడు.
ఎందుకిచ్చానో నన్నడక్కండి.
నోట్లో వేసుకున్నాడు.
పన్ను కింద టిక్కుమన్న చప్పుడు
ఇంజను మోతలోనూ వినిపించింది.

రిజిస్టరులో 'గింజలు' అన్న గడి దగ్గర
సున్నా రాశా.
కొట్టేసి ఒకటి వేశా.
'ఏం చేశారు' అన్న గడి దగ్గర
పెన్ను చాలాసేపు నిలబడింది.

వరసలో డెంటిస్టు దగ్గాడు.
తర్వాతి బూటు.