చల్లనీళ్లు

కుతైసీ ఆస్పత్రి, మూడో అంతస్తు, ఫిబ్రవరి.
కిటికీ కింద రియోనీ నది బురదరంగులో.
మంచం మీద మక్వాలా,
నలభై ఏళ్లు మట్టిపొయ్యిలోకి నడుం దాకా వంగి
గోడకు రొట్టెలు అంటించిన మనిషి.

"ఎడమ చెయ్యి ఎత్తమ్మా" అంది డాక్టర్ ఎలిసో.
"ఎత్తాను కదా."
చెయ్యి దుప్పటి మీదే ఉంది
పొంగని పిండిముద్దలా.
"చప్పట్లు కొట్టు."
కుడిచెయ్యి ఒక్కటే గాలిలోకి వెళ్లి
దేనికీ తగలకుండా ఆగింది.
"వినపడలేదా? చెవులు చూపించుకోండి."
"మరి ఈ చెయ్యెవరిది?"
తీరిగ్గా చూసింది. గోళ్లు చూసింది,
మణికట్టు మీద పాత కాలిన మచ్చ చూసింది.
"మా మరిది వాజాది.
ఎక్కడ పడితే అక్కడ మర్చిపోతాడు, సన్నాసి."

నేను నవ్వాపుకుని ట్రే సర్దుతున్నాను.

వరండాలో సిగరెట్ వెలిగించి చెప్పింది ఎలిసో:
అబద్ధం కాదయ్యా అది.
తేడా వస్తే కేకేసే కాపలావాడు కుడివైపు ఉంటాడు,
నెత్తురందక పోయాడు.
ఎడమవైపు గుమాస్తా మిగిలాడు.
లెక్క కుదరకపోతే కుదిరేలా రాస్తాడు,
వాడికి జీతం అందుకే.
"మరి బాగున్నవాళ్లకి?"
సమాధానం చెప్పలేదు. బూడిద రాల్చింది.
ఎవరో కుర్రాళ్లని యంత్రంలో పడుకోబెట్టి
వాళ్ల నమ్మకాన్ని కాదన్నారట.
చీకటి సందులో కుక్క మీదపడ్డట్టు
వెలిగిందట మెదడు.

సాయంత్రం నేను తల పట్టుకున్నాను,
ఆమె సిరంజి పట్టుకుంది.
ఎడమ చెవిలోకి మంచునీళ్లు, సన్నగా.
మక్వాలా కళ్లు ఎడమకి జారి, ఉలిక్కిపడి, మళ్లీ జారి
కుదుటపడ్డాక
ఎవరూ అడక్కుండానే అంది:
"కదలదు.
ఆదివారం నుంచీ కదలదు.
నాదే ఇది. పన్నెండో ఏట పొయ్యి అంచు తగిలింది."
కాసేపాగి,
"వాజా పోయి తొమ్మిదేళ్లయింది."
కుడిచేత్తో ఎడమచేతిని తీసుకుని
ఒళ్లో పెట్టుకుంది, చలికి వణికే పిల్లని పెట్టుకున్నట్టు.

అరగంట.
సూప్ తెచ్చేసరికి విసుక్కుంటోంది:
"వాజా వచ్చాడా?
చెయ్యి తీసుకుపొమ్మనండి, అడ్డంగా ఉంది."

*

నాన్న మూడు తంతుల పందూరిని
అన్న బద్రి తాగుడికి అమ్మేశాడని
ముప్పై ఏళ్లుగా నాకు తెలుసు.
పెళ్లికి పిలవలేదు.
నాన్న శవపేటికని చెరో మూలా మోశాం,
అడుగులు కలవకుండా.

మొన్న బజార్లో ఎదురింటి దరేజాన్ నా మోచెయ్యి పట్టుకుని
"నీ మందులకిరా అమ్మింది,
ఆ కరెంటు లేని చలికాలం,
నీకు ఊపిరితిత్తుల్లో నీరు" అంది.
ముసలిదైపోయింది పాపం, అనుకున్నాను.
అంత తేలిగ్గా. ఒక్క ఊపిరిలో.
ఉల్లిపాయలు కూడా బేరమాడాను.

పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు.
ఆ నాలుగోది
పట్టుకున్న పిడికిట్లోనే ఉంటుంది,
తంతుకుంటూ.

ఆ దొంగ అన్న లేకపోతే
ఈ ముప్పై ఏళ్లూ ఓర్చుకున్న తమ్ముడెవరు?

రాత్రి డ్యూటీ. సిరంజి కడిగాను.
గిన్నెలో ఇంకా కొన్ని నీళ్లున్నాయి,
మంచుముక్క చివరి అంచు తేలుతోంది.
మక్వాలా నిద్రలో
కుడిచేత్తో పిండి పిసుకుతోంది.

కాసేపు గిన్నె పట్టుకుని నిలబడి
పారబోశాను.